వంతు, వంత: ఒకే మిక్సర్ దగ్గర ఇద్దరు డీజేలు

డీజే అనగానే మనకు కళ్ల ముందు ఒక్క మనిషే కనిపిస్తాడు. మెడలో హెడ్‌ఫోన్, ఒక చెయ్యి ఫేడర్ మీద, ఇంకో చెయ్యి గాల్లో. మరి అదే బల్ల దగ్గర ఇద్దరు నిలబడితే ఏమవుతుంది? ఏ పాట వెయ్యాలో ఎవరు చెప్తారు? ఎవరి చెయ్యి ఏ నాబ్ మీద ఉండాలి? కింద నుంచి ఎవరో "పాట మార్చప్పా" అని అరిస్తే ఇద్దరిలో ఎవరు వినాలి? ఈ వ్యాసంలో వీటికి జవాబులు ఒక పాఠంలాగా చెప్పుకుందాం. ఫెస్ట్‌లో వాయించాలనుకునేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. డీజే అంటే పడనివాళ్లు కూడా చదవొచ్చు, ఎందుకంటే ఇది చివరికి ఇద్దరు మనుషులు ఒక పనిని ఎట్ల పంచుకుంటారు అనే విషయం.

మాది అనంతపురం జిల్లా కణేకల్. మా మేనమామ కొడుక్కి సౌండ్ సిస్టమ్ ఉంది. ఇంటర్ అయ్యాక తను ఊళ్లోనే ఉండి బాక్సులు తిప్పుతున్నాడు, నేను ఇంజనీరింగ్‌కి వచ్చా. సెలవులకి ఊరికి పోతే ఇద్దరం కలిసి పెళ్లిళ్లకి, ఊరేగింపులకి వాయిస్తాం. అందుకే ఇందులో సగం మా బావ దగ్గర నేర్చుకున్నది, సగం క్లాసులో నేర్చుకున్నది.

రెండు మాటలు

మా ఊరికి ఒకపక్క తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లతో వరి పండుతుంది, ఇంకోపక్క వాన కోసం ఆకాశం చూసే వేరుశనగ చేలు. కాలువ కింద రైతులకి 'వంతు' అనే మాట బాగా తెలుసు. ఈ పూట నీ మడికి నీళ్లు, తర్వాత నా మడికి. నీ వంతులో నేను గట్టు తెంచకూడదు.

బుర్రకథ వాళ్లకి 'వంత' అనే మాట తెలుసు. నడుమ కథకుడు తంబూరా పట్టుకుని కథ నడిపిస్తాడు. పక్కన ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు రాజకీయం, అంటే ఇప్పటి లోకం మీద వ్యాఖ్యానం చెప్తారు. బుర్రకథకి దేశమంతా పేరు తెచ్చిన షేక్ నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళలో కథకుడు ఊపిరి తీసుకునే సందులో వంతలు పాటని నిలబెడతారు.

ఇద్దరు డీజేలు పని పంచుకునే పద్ధతులన్నీ ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. వంతులవారీగా ఒకరి తర్వాత ఒకరు వెయ్యడం ఒకటి. ఒకరు నడిపిస్తుంటే ఇంకొకరు వంత అందుకోవడం రెండోది.

మొదటి పద్ధతి: వంతు

దీన్ని డీజేలు 'బ్యాక్ టు బ్యాక్' అంటారు. ఒక పాట నాది, ఒక పాట నీది. వినడానికి సులభం, చెయ్యడానికి కాదు. ఒక్కొక్క పాటకే వంతు మారితే సరదాగా ఉంటుంది, పోటీ కూడా ఉంటుంది. కానీ ప్రతి మూడు నిమిషాలకి మూడ్ మారిపోయి, జనం కాళ్లకి దారి దొరకదు. అరగంటకొకసారి మారితే రెండోవాడు ఖాళీగా ఫోన్ చూసుకుంటాడు, అది జంట కాదు.

మాకు సరిపోయింది మూడు పాటల వంతు. ఒకరు వాయించే పది నిమిషాల్లో రెండోవాడు జనాన్ని చూసి, తన తర్వాతి మూడు పాటలు ఎంచుకుని, మొదటిది హెడ్‌ఫోన్‌లో విని సిద్ధంగా పెట్టుకుంటాడు.

ఇందులో ఒక రూల్ ఉంది. నీ వంతులో మొదటి పాట అవతలివాడి చివరి పాటకి జవాబులా ఉండాలి. వాడు మెల్లగా వేడి పెంచుకుంటూ వస్తుంటే, నీకు ఇష్టమైన పాట అని ఒక్కసారిగా చల్లార్చకూడదు. రెండో పాటలో నీ దారి పట్టు. మూడో పాటలో అవతలివాడికి చోటు వదులు.

కర్ణాటక సంగీత కచేరీలో తని ఆవర్తనం విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. మృదంగం, ఘటం విడివిడిగా వాయించాక 'కురైప్పు' వస్తుంది. ఇద్దరూ వంతులు వేసుకుంటూ వంతు పొడవు తగ్గిస్తూ పోతారు. ఎనిమిది ఆవర్తాలు, నాలుగు, రెండు, ఒకటి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మోహరా, కోర్వై వాయించి ముగిస్తారు. మేమూ చివరి ఇరవై నిమిషాలు అట్లే చేస్తాం. మూడు పాటల వంతు రెండవుతుంది, తర్వాత ఒకటి, తర్వాత సగం పాట. వంతులు దగ్గరపడే కొద్దీ జనానికి ఊపు దానంతట అదే పెరుగుతుంది. దానికి వాల్యూమ్ పెంచక్కర్లేదు.

రెండో పద్ధతి: వంత

ఇక్కడ పాటలన్నీ ఒకరే వేస్తారు. రెండోవాడు మైక్, ఎఫెక్టులు, చిన్న చిన్న శాంపిల్ శబ్దాలు, జనం నుంచి వచ్చే చీటీలు, జనరేటర్ సంగతి చూసుకుంటాడు. చాలామంది దీన్ని అసిస్టెంట్ పని అనుకుంటారు. కానీ చరిత్ర చూడండి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు, డీజే కూల్ హెర్క్ పేరుతో, ఒక పార్టీకి వాయించాడు. పార్టీ పెట్టింది వాళ్ల చెల్లెలు సిండీ. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కని సాగదీయడం హెర్క్ తెచ్చిన పద్ధతి. పక్కన మైక్ పట్టుకుని జనాన్ని పలకరించింది కోక్ లా రాక్. ఆ మైక్ మాటల్లోంచే తర్వాత ర్యాప్ పెరిగింది. వంత పాడినవాడి పనే ఒక కొత్త కళ అయ్యిందన్నమాట.

మన జిల్లాలోనూ ఇట్లాంటి పని పంపకం పాతదే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటకి పేరు. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర వెనక బొమ్మ ఆడించే చేతులు, పాడే గొంతులు, వాయించే వాళ్లు, అందరూ తరచుగా ఒకే కుటుంబం వాళ్లు. తెర ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం ఒకటే కథ కనిపిస్తుంది.

మిక్సర్ మీద గీత గీసుకోవడం

ఇప్పుడు మన సబ్జెక్ట్‌కి వద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో 'క్రిటికల్ సెక్షన్' చెప్తారు కదా. రెండు ప్రాసెస్‌లు ఒకే డేటాని ఒకేసారి మార్చబోతే తప్పుడు ఫలితం వస్తుంది, కాబట్టి ఒకటి లోపల ఉన్నప్పుడు రెండోది బయట ఆగాలి. ఈ సమస్యకి డైక్‌స్ట్రా 1965లో పరిష్కారం రాశాడు. ఇద్దరు డీజేల మధ్య ఉన్న మిక్సర్ అచ్చం అట్లాంటి చోటే.

మామూలు నాలుగు ఛానళ్ల మిక్సర్‌లో మేం ఇట్ల పంచుకుంటాం. ఒకటి, రెండు ఛానళ్లు నావి. మూడు, నాలుగు బావవి. ఎవరి ఛానల్ గెయిన్, ఈక్యూ, ఫేడర్ వాళ్లే ముట్టుకోవాలి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉండేవి మూడు: మాస్టర్ వాల్యూమ్, ఎఫెక్ట్స్, మైక్. వీటికి తాళం కావాలి. మాస్టర్ తాళం రాత్రంతా ఒక్కరి దగ్గరే ఉంటుంది. మా జంటలో అది బావది, ఎందుకంటే ఆ బాక్సులు ఎంత మోయగలవో తనకే తెలుసు. ఎఫెక్ట్స్ ఎవరి వంతులో వాళ్లవి. మైక్ మాత్రం వంతులో లేనివాడిది, వాడి చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి.

మాస్టర్ ఒక్కరి దగ్గరే ఎందుకు ఉండాలంటే, ఇద్దరు డీజేలకి వచ్చే పెద్ద జబ్బు వాల్యూమ్ పోటీ. నా పాట నీ పాట కన్నా కొంచెం గట్టిగా వినిపించాలని నేను గెయిన్ పెంచుతా, నీ వంతులో నువ్వు ఇంకొంచెం పెంచుతావు. గంటలో మీటర్ ఎర్ర లైట్‌కి చేరుతుంది. అక్కడి నుంచి శబ్దం పెరగదు, పగులుతుంది. సిగ్నల్ అలల తలలు తెగిపోతాయి, దాన్ని క్లిప్పింగ్ అంటారు. ట్వీటర్లు కాలిపోవడానికి అదొక కారణం. ఒప్పందం సింపుల్: ఎవరి పాటైనా మీటర్ పచ్చ దాటి పసుపు దగ్గర ఆగాలి.

చిన్న కంట్రోలర్‌లో రెండే ఛానళ్లు ఉంటే చెరొకటి తీసుకోండి. చాలా మిక్సర్లకి హెడ్‌ఫోన్ జాక్ ఒకటే ఉంటుంది. అప్పుడు చిన్న స్ప్లిటర్ పెట్టుకుంటే ఇద్దరూ ఒకటే వింటారు. అవతలివాడు ఏం సిద్ధం చేస్తున్నాడో తెలుస్తుంది కాబట్టి మాకు అదే మేలనిపించింది.

చెయ్యి మార్చుకునే 20 సెకన్లు

వంతు ఒకరి నుంచి ఒకరికి పోయే క్షణమే అసలు పరీక్ష. రిలే పరుగులో కర్ర అందించినట్టు. దీన్ని లెక్కతో చూద్దాం.

డాన్స్ పాటలు ఎక్కువగా 32 బీట్ల ముక్కలుగా నడుస్తాయి. పాట 96 బీపీఎంలో ఉంటే, 32 బీట్లకి పట్టే కాలం 32 × 60 ÷ 96, అంటే 20 సెకన్లు. 128 బీపీఎంలో అదే 15 సెకన్లు. ఆ వ్యవధిలో ఇద్దరూ చెయ్యాల్సింది ఇది:

1. వంతు ముగించేవాడు ఒక ముక్క ముందే వేలు చూపిస్తాడు. ఒక వేలు అంటే "ఇంకొక్క 32 తర్వాత నీదే".
2. అందుకునేవాడు తన పాట బీపీఎం కలిపి, బేస్ నాబ్ పూర్తిగా తగ్గించి, ముక్క మొదటి బీట్‌కి ప్లే నొక్కి, ఫేడర్ మెల్లగా ఎత్తుతాడు.
3. 16వ బీట్ దగ్గర ఇద్దరూ ఒకేసారి కదలాలి. ఒకరు తన బేస్ తగ్గిస్తారు, ఒకరు తన బేస్ పెంచుతారు. రెండు పాటల బేస్ కలిసి మోగితే మడ్డిగా ఉంటుంది.
4. 32వ బీట్‌కి పాత పాట ఫేడర్ కిందికి వస్తుంది. చేతులు తీసేస్తాడు. వంతు మారింది.

బీపీఎం కలపడానికి ఒక హద్దు ఉంది. 96ని 100 చెయ్యడం అంటే సుమారు 4 శాతం వేగం పెంచడం, ఎవరికీ తెలియదు. 6 శాతం దగ్గరికి వస్తే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం మారిపోతుంది. శ్రుతిని కదలనివ్వని 'కీ లాక్' బటన్ ఉంటుంది కానీ, మరీ ఎక్కువ లాగితే గొంతు యంత్రంలా వినిపిస్తుంది.

మన తెలుగు పాటలకి ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఇంగ్లీష్ డాన్స్ ట్రాకుల్లో చాలావాటికి మొదట, చివర వట్టి డ్రమ్స్ ఉంటాయి, కలపడానికే అట్ల వదులుతారు. సినిమా పాటలో పల్లవి వెంటనే వచ్చేస్తుంది. రెండు పల్లవులు ఒకదాని మీద ఒకటి పడితే తిరునాళ్లలో రెండు మైకులు ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది. అందుకని పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్య సంగీతంలో చెయ్యి మార్చుకోవాలి. ఆ చోటు ఎక్కడుందో ముందే క్యూ పాయింట్ పెట్టుకోవాలి. రెండో చిక్కు నడక. చతురశ్ర నడకలో ఉన్న పాట నుంచి తిశ్ర నడకలో ఉన్న డప్పు పాటకి పోవాలంటే బీపీఎం అంకె సరిపోయినా కాళ్లు తడబడతాయి. అక్కడ కలపడానికి చూడకుండా పాత పాట ఆపేసి, వంత ఉన్నవాడు మైక్‌లో రెండు మాటలు చెప్పి, కొత్త పాట మొదటి దెబ్బతో మొదలుపెట్టడమే మంచిది.

బల్ల ఎక్కకముందే సగం పని

జంటగా వాయించేవాళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇద్దరి పెన్ డ్రైవుల్లో పాటల పేర్లు ఒకేలా ఉండాలి. ముందు బీపీఎం, తర్వాత పాట, తర్వాత భాష. చీకట్లో వెతికేటప్పుడు ఇది దేవుడిలాంటిది. రెండు డ్రైవుల్లోనూ అన్ని పాటలు ఉండాలి, ఒకటి పాడైనా రాత్రి ఆగదు.

వెయ్యకూడని పాటల లిస్ట్ ఒకటి రాసుకోవాలి. ఇద్దరిలో ఎవరికి అభ్యంతరం ఉన్నా ఆ పాట లిస్ట్‌లోకి పోతుంది, వాదన లేదు. కులం పేరుతో ఎదుటివాళ్లని రెచ్చగొట్టే పాటలు, ఒక పార్టీ పాటలు మా లిస్ట్‌లో మొదట ఉంటాయి. ఊరేగింపు ఏ వీధిలో పోతుందో బావకి తెలుసు, నాకు తెలియదు. ఆ విషయంలో తన మాటే చివరిది.

జనం ఎవరో తెలుసుకోవాలి. మాది బళ్ళారి సరిహద్దు. పెళ్లిలో సగం మంది చుట్టాలు అటునుంచే వస్తారు. కన్నడ పాట పడకపోతే అమ్మాయి తరఫువాళ్లు కుర్చీల్లోంచి లేవరు. కన్నడ పాటలు బావ వంతులో, తెలుగు, హిందీ నా వంతులో వస్తాయి. ఎవరికి ఏది బాగా తెలుసో అది వాళ్లకి ఇవ్వడమే పని పంపకం అంటే. అన్నీ సగం సగం చేసుకోవడం కాదు.

చెవులు, చుట్టుపక్కల ఇళ్లు

ఇది పాఠంలో చివర చెప్తున్నా కానీ చిన్న విషయం కాదు. చెవికి 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు పరవాలేదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ కాలం సగం అవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. బాక్సుల పక్కన నిలబడేవాడి పరిస్థితి ఆలోచించండి. ఒక్కడే డీజే అయితే తప్పించుకోలేడు. ఇద్దరుంటే వంతు లేనివాడు బాక్సులకి దూరంగా జనం వెనక్కి పోవచ్చు. చెవికి విశ్రాంతి దొరుకుతుంది, అక్కడి నుంచి శబ్దం ఎట్ల వినిపిస్తోందో కూడా తెలుస్తుంది. పెయిర్ ప్రోగ్రామింగ్‌లో ఒకరు టైప్ చేస్తుంటే రెండోవాడు దూరం నుంచి కోడ్ మొత్తం చూస్తాడు కదా, అదే పని. ఇయర్ ప్లగ్స్ ఇద్దరికీ తప్పనిసరి.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. మనం హద్దులో ఉండకపోతే పని మొత్తం పోతుంది. పది అయ్యిందని చెప్పే బాధ్యత మైక్ ఉన్నవాడిది. "ఇంకొక్క పాట" అని పెళ్లికొడుకు ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఒక్కడు కాదనడం కష్టం. ఇద్దరుంటే ఒకడు నవ్వుతూ మాట్లాడుతుంటే ఇంకొకడు వైర్లు పీకుతాడు.

పేరు ఎవరిది, డబ్బు ఎవరిది

జంటలు విడిపోయేది పాట దగ్గర కాదు, పేరు దగ్గర, డబ్బు దగ్గర.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మన సాహిత్యంలోనే ఉంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి (1870–1950). ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. ఊరూరా తిరిగి జంటగా అవధానాలు చేశారు. పృచ్ఛకులు అడిగినదానికి అప్పటికప్పుడు పద్యం చెప్పడమంటే అదీ లైవ్ పెర్ఫార్మెన్సే. ఇద్దరికీ కలిపి ఒకటే పేరు: తిరుపతి వేంకట కవులు. పాండవోద్యోగ విజయాలు ఆ పేరు మీదే వచ్చాయి. తిరుపతిశాస్త్రి ముందు పోయారు. వెంకటశాస్త్రి ఆ తర్వాత సుమారు 30 ఏళ్లు బతికారు, తను రాసినవి కూడా జంట పేరుతోనే వేశారు. అవతలి మనిషి లేకపోయినా ఉమ్మడి పేరులోంచి తన పేరు విడగొట్టుకోలేదు.

అంత గొప్ప మనసు అందరికీ ఉండదు కాబట్టి, మనలాంటివాళ్లకి లెక్క కావాలి. మా లెక్క ఇది. వచ్చిన డబ్బులోంచి ముందు డీజిల్, బండి, హెల్పర్ల కూలి తీసేస్తాం. తర్వాత బాక్సులకి అద్దె తీస్తాం, అది బావది, ఎందుకంటే వాటి మీద తను అప్పు కడుతున్నాడు. మిగిలింది వాయించిన కూలి, అది సమానం. మొదట్లో ఇద్దరికీ చెరి సగం అనుకున్నప్పుడు అది న్యాయంగానే కనిపించింది. కానీ నాకు ఇది సెలవు సరదా, తనకి ఇది సంవత్సరమంతా తిండి. కాలేజీ మొదలైతే నేను బస్సెక్కి వచ్చేస్తా, వాయిదా మాత్రం తన ఇంటికే వస్తుంది. సమానంగా పంచడం, సరిగ్గా పంచడం ఒకటి కావు.

ఇప్పుడు మా మధ్య మిగిలిన ప్రశ్న ఫ్లెక్స్ మీద పేరు. నేను లేని నెలల్లో కూడా జంట పేరే వెయ్యాలా అని అడిగితే బావ, "నీ పేరు తీసేస్తే మళ్లీ వచ్చినప్పుడు ఇంకో ఫ్లెక్స్ కొట్టించాల కదప్పా, ఉండనీ" అన్నాడు. ఖర్చు గురించి అన్నట్టే ఉంది. నాకు మాత్రం వెంకటశాస్త్రి గారు గుర్తొచ్చారు. అందుకే నేను లేని రోజుల్లో వచ్చే డబ్బులో నాకు వంతు వద్దని చెప్పేశా. పేరు ఉమ్మడిగా ఉండాలంటే లెక్క శుభ్రంగా ఉండాలి.

చివరగా మీకొక ఎక్సర్‌సైజ్. రూమ్మేట్‌తో కూర్చోండి. రెండు ఫోన్లు, రెండు చిన్న స్పీకర్లు చాలు. 96 దగ్గర బీపీఎం ఉన్న పాటలు చెరి ఆరు ఎంచుకోండి. మూడేసి పాటల వంతు వెయ్యండి. ఇద్దరూ నోరు విప్పకుండా, వేళ్ల సైగలతో మాత్రమే చెయ్యి మార్చుకోండి. 32 లెక్కపెట్టడం మూడోసారికి వచ్చేస్తుంది. అవతలివాడి పాట నడుస్తున్నప్పుడు స్పీకర్ మీదికి చెయ్యి పోకుండా ఆపుకోవడానికి మాత్రం ఇంకొంచెం టైమ్ పడుతుంది.